ఎవరికీ చెందని మూరెడు కర్ర

దీపస్తంభానికి పట్టిన గుల్లలు గీకుతూ దీపాల తాత పడవను దానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు. సముద్రపు పోటు తగ్గి, పాటుకు నీరు వెనక్కి తీస్తోంది. నానిన కర్ర మీద చాకు ఆనిస్తే గుల్లలతో పాటు పొట్టూ రాలింది. వేలు పెడితే లోపలికి దిగింది.

స్తంభం తలమీద తాత రోజూ సాయంత్రం వెలిగించే దీపం. ఇసుకదిబ్బ ఎక్కకుండా పడవలకు దారి చూపేది అదే. ఆ దీపమూ, పడవలు నడిచే నీళ్లూ కేంద్ర ప్రభుత్వానివి. నీళ్ల కింది నేలా, అందులో పాతుకున్న మొదలూ రాష్ట్ర ప్రభుత్వానివి. పైభాగానికి వాళ్లు తెల్లరంగు వేయిస్తారు, అడుగుకు వీళ్లు తారు పూయిస్తారు. పోటుకు మునిగి పాటుకు బయటపడే మూరెడు కర్ర మాత్రం మాది కాదంటే మాది కాదన్నారు. పుచ్చిపోయింది సరిగ్గా అక్కడే. నేలనూ నీటినీ వేరుచేసిన దేవుడికైనా ఈ మూరెడు సంగతి తట్టిందో లేదో!

"వానలకు కూలుతుందయ్యా, ఎవరి పడవో దిబ్బకెక్కుతుంది" అని తాత రెండు ఆఫీసుల్లోనూ మొత్తుకున్నాడు. "అటు వెళ్లి అడుగు" అన్నారు ఇద్దరూ, చాలా మర్యాదగా.

పొద్దున అతను చెక్కలూ ఇనప పట్టీలూ పడవలోకి ఎక్కిస్తుంటే భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అవి నా అటక చెక్కలు కదయ్యా?"

"అవునే. ఇంట్లో రాజ్యమంతా నీదేగా."

"మరి నా గిన్నెలెక్కడ పెట్టుకోను?"

"అటు వెళ్లి అడుగు."

ఆవిడకు కోపం రాబోయి నవ్వొచ్చింది. "తొందరగా రా. కూర చల్లారితే మళ్లీ వేడి చెయ్యను."

ఇప్పుడు ఆ చెక్కలను పుచ్చిన చోటు చుట్టూ ఆనించి, పట్టీలు బిగించి, పైన తారు దట్టంగా పూశాడు. రేవు దాటించే పడవవాడు పక్కగా వచ్చి స్తంభం పట్టుకోబోయాడు.

"చెయ్యి పెట్టకురా! తారు ఆరలేదు. నల్లచేతులతో ఇంటికెళ్తే మీ ఆవిడ నన్ను తిడుతుంది."

"నిన్నెవరు చెయ్యమన్నారు మావా?"

"ఎవరూ వద్దనలేదుగా!"

పడవవాడు నవ్వుకుంటూ సాగిపోయాడు. ఇంకెవరైనా చెయ్యి వేస్తారేమోనని తాత భుజం మీది తువ్వాలు తీసి, తారుకు కాస్త పైన, గుర్తుగా చుట్టి కట్టాడు. తర్వాత తువ్వాలుకు పైన స్తంభానికి భుజమానించి బలంగా తోశాడు. కదల్లేదు. తృప్తిగా పడవలో వెనక్కి వాలాడు. పోటు వచ్చేదాకా చిన్న కునుకు తీద్దామనుకున్నాడు.

పడవవాడు తిరిగొచ్చేసరికి నీళ్లు నిండుగా ఉన్నాయి. "మావా, లే" అన్నాడు. రెండోసారి భుజం తట్టాడు. మూడోసారి పిలవలేదు.

ఆ సాయంత్రం దీపం పడవవాడే వెలిగించాడు. దిబ్బ పక్కనుంచి పడవలన్నీ క్షేమంగా ఒడ్డుకు చేరాయి.

మర్నాడు రెండు ఆఫీసుల వాళ్లూ తాత భార్యను పరామర్శించడానికి వచ్చారు. "ఆ చెక్కలు ఊడదీయించేస్తారా బాబూ?" అని అడిగింది ఆవిడ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తీయించాలంటే ముందు ఆ మూరెడూ తమదని ఒప్పుకోవాలి.

"అలాగే ఉండనీయండమ్మా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

స్తంభం అలాగే ఉంది. పోటు వచ్చినప్పుడు తువ్వాలు కొస తడుస్తుంది. పాటుకు గాలి దాన్ని ఆరబెడుతుంది.