స్కాలెవో ఊట, రుదోవో కుళాయి

స్కాలెవో పేరెత్తితే చాలు, రుదోవో పట్నంలో ముసలమ్మలు శిలువ గీసుకునేవారు. కొండమీద ఊరు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అక్కడి ఊటనీళ్ళు కిడ్నీలను తినేస్తాయని అందరి నమ్మకం. ఆ ఊరివాళ్ళు సంతకు తెచ్చిన పెరుగు కుండలవైపు కన్నెత్తి చూసే దిక్కే లేకపోయింది. పాపం, ఎంత మంచి పెరుగో!

ఆ నమ్మకానికి అంకె అతికించింది జ్లాటీనా. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో రోగాల లెక్కలు చూసేది ఆమే. కిడ్నీ రోగులు పట్నంలో నాలుగు వందల మంది, స్కాలెవోలో పన్నెండు మంది. అంతవరకే చూస్తే ఊరే నయం అనిపిస్తుంది. కానీ పట్నంలో ఉన్నది ఇరవై వేల మంది, ఊళ్ళో ఉన్నది మూడు వందలు. జనాభాతో భాగించి చూస్తే పట్నంలో వేయికి ఇరవై, ఊళ్ళో వేయికి నలభై తేలింది. సరిగ్గా రెట్టింపు!

ఆమె పై అధికారి డాక్టర్ హరలాంపియెవ్ ఆ కాగితం చూసి అదిరిపోయాడు. మనిషి మంచివాడే, తొందర మాత్రం జాస్తి. ఊటను సిమెంటుతో మూసేయాలనీ, పట్నం కుళాయి నీళ్ళు ట్యాంకరులో పైకి తోలాలనీ ఆ పూటే ఉత్తర్వు రాసేశాడు.

తాపీమేస్త్రీని, ట్యాంకరును వెంటబెట్టుకుని ఇద్దరూ కొండెక్కేసరికి ఊరి పెద్ద స్తామెనవ్వ ఊట ముందు చేతికర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎనభై ఏడేళ్ళ మనిషి. ఆమె వెనక రాతి తొట్టిలోకి నీటిధార గలగలా పడుతోంది.

"మూయడానికొచ్చారా? మూయండి. ముందు నన్ను లోపల పెట్టి మూయండి," అంది.

"నీ మంచికేనవ్వా. ఈ నీళ్ళలో ఏదో ఉంది," అన్నాడు డాక్టరు.

"నా మంచి సంగతి సరేగానీ, నీ మొహం అద్దంలో చూసుకున్నావా నాయనా? సున్నం కొట్టిన గోడలా ఉంది. ఇదిగో, ఓ గ్లాసుడు తాగి మాట్లాడు."

ఆయన గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. మేస్త్రీ మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు.

"నవ్వులాట కాదు," అని డాక్టరు జ్లాటీనాతో గొంతు తగ్గించి అన్నాడు. "ఆ తలుపులు చూడమ్మా. ఏ ఇంటికి చూసినా చావే అతికించి ఉంది."

నిజమే. పోయినవాళ్ళ ఫోటో, పేరు, వయసు కాగితంమీద అచ్చువేసి ఇంటి తలుపుకో వీధి స్తంభానికో అంటించడం మా ప్రాంతంలో అలవాటు. నలభయ్యో రోజున ఒకటి, ఏడాది నిండాక ఒకటి, ఆ తరవాత కూడా గుర్తున్నంత కాలం ఏటా ఒకటి. స్కాలెవోలో ఆ కాగితాలు లేని తలుపు లేదు. జ్లాటీనా దగ్గరికెళ్ళి ఒక్కొక్కటే చదవసాగింది. వెల్కో, తొంభై మూడేళ్ళు. త్సోన, తొంభై ఆరేళ్ళు. పక్కింటి తలుపుమీద 'అకాలంగా మమ్మల్ని విడిచి వెళ్ళిన' అని రాసి ఉంది. కింద వయసు ఎనభై ఒకటి.

"అవ్వా, ఇది అచ్చు తప్పా?"

"తప్పేముంది? కుర్రాడు, పాపం. పందిరెక్కి ద్రాక్ష కోస్తూ జారిపడ్డాడు. వాళ్ళక్క ఇప్పటికీ కట్టెలు కొడుతోంది, చూడు."

పెరట్లోంచి గొడ్డలి చప్పుడు వినబడుతూనే ఉంది. జ్లాటీనాకు పట్నంలో తన వీధి దీపస్తంభానికి అంటించి ఉండే కాగితాలు ఒక్కసారిగా కళ్ళముందు మెదిలాయి. నలభై ఎనిమిది, యాభై రెండు, నలభై నాలుగు. రోజూ వాటి పక్కనుంచే పనికి వెళ్తుంది. ఏ రోజూ వింతగా అనిపించలేదు.

"సార్, సాయంత్రం దాకా ఆపండి. నా లెక్కలో ఏదో తప్పుంది."

"ఈలోపు ఇంకొకరికి జబ్బు చేస్తే ఎవరిది పూచీ?"

"తప్పు లెక్కతో మూసేస్తే ఎవరిది సార్?"

ఆయన చిరాగ్గా చెయ్యి విదిల్చాడు. "సాయంత్రం దాకా. ఒక్క నిమిషం ఎక్కువుండదు." ట్యాంకరు ఊరి మొదట్లోనే ఆగిపోయింది. మేస్త్రీ హాయిగా అవ్వ ఇంట్లో జున్ను రొట్టె తినడానికి కూర్చున్నాడు.

ఆఫీసుకు వచ్చి జ్లాటీనా జనాభా లెక్కలను వయసుల వారీగా విడదీసింది. అసలు పొరపాటు ఎంత చిన్నదో చూడండి. పిల్లాపాపలతో నిండిన పట్నాన్నీ, సగంమందికి పైగా డెబ్బై అయిదు దాటిన ఊరినీ ఒకే త్రాసులో వేసింది తను! కిడ్నీ జబ్బు ముసలితనంలో ఎక్కువన్న సంగతి తెలియక కాదు. డెబ్బై అయిదు దాటినవాళ్ళను వాళ్ళలాంటివాళ్ళతోనే పోల్చి చూసింది. స్కాలెవోలో వేయికి డెబ్బై. పట్నంలో వేయికి నూట ఎనభై.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుని మళ్ళీ లెక్కకట్టింది. చిన్న ఊరు కదా, అదృష్టం కొద్దీ అలా వచ్చిందేమోనని చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నిటినీ కలిపి చూసింది. అప్పుడూ అంతే. ఏ వయసు తీసుకున్నా కొండమీద తక్కువ, పట్నంలో ఎక్కువ. స్కాలెవోలో రోగులు ఎక్కువగా కనిపించింది జబ్బు ఎక్కువై కాదు, ఆయుష్షు ఎక్కువై! పట్నంలో అంత వయసు దాకా మిగిలేవాళ్ళే తక్కువ. అంకెలు ఇంత మాట చెప్పగలవని ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెకు తెలియదు. భయమూ వేసింది, చేతులెత్తి మొక్కాలనీ అనిపించింది.

డాక్టరు లోపలికి వచ్చేసరికి ఆమె కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"అంటే మనం ఆ ముసలాళ్ళ ఊట మూసి..."

"మన నీళ్ళు పట్టించబోయాం సార్. నీళ్ళే కారణమో, గాలో, ఇంకేదో తేలాలి. కానీ జబ్బు ఉన్నది కొండమీద కాదు. ఇక్కడ."

ఆయన వేలు కాగితం మీద పెట్టి నెమ్మదిగా కిందికి జరిపాడు.

"నాకు యాభై మూడు. నా వరుస ఏదమ్మా?"

ఆమె చూపించింది. యాభైల్లో ఉన్నవాళ్ళు, వేయికి ముప్పై. పక్కన స్కాలెవో గడిలో సున్నా ఉంది. ఆయన పాంటు అంచు కాస్త పైకి లాగి మేజోడు కిందికి జరిపాడు. చీలమండమీద వేలితో నొక్కాడు. గుంట పడింది. ఎంతకీ పూడలేదు.

"నెల నుంచీ ఉంది ఈ వాపు. కిడ్నీల వల్లేమోనన్న ఆలోచనే రాలేదు. బూట్లు బిగువేమో అనుకున్నా," అన్నాడు.

జ్లాటీనా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన మాత్రం ఫోను అందుకున్నాడు. ముందు ట్యాంకరు డ్రైవరుకు చేసి నీళ్ళు అక్కడే పారబోయమన్నాడు. పట్నం నీళ్ళు పరీక్షకు పంపమని ఇంకొకరికి చెప్పాడు. ఆ తరవాత స్తామెనవ్వకు చేశాడు. జ్లాటీనాకు రెండువైపులా మాటలు వినబడుతున్నాయి.

"అవ్వా, నేను, డాక్టర్ని. ఊట మూయడం లేదు. ఒక మాట... ఇక్కడ బాలవాడి పిల్లలున్నారు. మా నీళ్ళ సంగతి తేలేదాకా... మీ నీళ్ళు ఒక ట్యాంకరు ఇవ్వగలరా?"

"నీళ్ళు అడగడానికింత మొహమాటమేంటి నాయనా! రోజూ పంపించు. ఆ ట్యాంకరు మాత్రం ముందు శుభ్రంగా కడిగించు," అంది అవ్వ.