నూనె డబ్బా కింది పేజీ

స్క్రీన్ మీద రాత్రి బ్యాకప్ ఎదురుగా 'పూర్తయింది' అన్న మాట చూసి, అదే మాట రిజిస్టర్లో రాసి సంతకం పెట్టారాయన. ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే ఇదే పని. అంబులెన్సు ఆఫీసులో అందరూ ఆయన్ని 'అయింది సారు' అంటారు. పొట్టి మనిషి, జేబులో ఎర్ర పెన్సిలు, సర్వర్ గది చలికి చెవులు కప్పే టోపీ. ఈ సాయంత్రం రిటైరవుతున్నారు.

ఏ వీధి నుంచి ఫోన్ వస్తే ఏ అంబులెన్సుకు పంపాలో చెప్పే ఫైలు ఒకటుంది. అందులో కొత్త వీధి ఒకటి చేర్చి సేవ్ చేశారు. డిస్కు నిండిపోయిందని చూసుకోలేదు. ఫైలు సగంలో తెగింది.

కంగారు పడకుండా బ్యాకప్ తెరిచారు. ఖాళీ. మొన్నటిది ఖాళీ, పోయిన నెలదీ ఖాళీయే. మెషీను రోజూ ఖాళీ ఫైలునే దాచి పూర్తయిందని చెబుతోంది; ఈయన ఒక్కనాడూ తెరిచి చూడలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

మెషీను ఇంకా మునుపు చదువుకున్నదాంతోనే నడుస్తోంది. ఆపి మళ్లీ వేస్తే మాత్రం ఈ తెగిన ఫైలే చదువుతుంది.

"పన్నెండింటికి మెషీను ఆపాల్సిందే సార్, యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి, మార్చాలి," అన్నాడు ఎలక్ట్రీషియన్. "పది నిమిషాలేగా. అందాకా కాల్స్ పక్క ఊరివాళ్లు చూస్తారు."

ఆయన భయమంతా పదకొండో నిమిషం గురించే. ఊళ్లో సగం వీధుల నుంచి ఎవరు ఫోన్ చేసినా ఏ బండీ కదలదు. టోపీ తీసి తల గోక్కుంటుంటే వంటిల్లు గుర్తొచ్చింది. ఫైలు మార్చిన ప్రతిసారీ దాన్ని ప్రింటు తీసి, ఎర్ర పెన్సిలుతో సరిచూసి, ఇంటికి పట్టుకెళ్లడం ఆయన అలవాటు. భార్య వాటిని అరల్లో పరుస్తుంది.

డిస్కులో పనికిరానివి తీసేసి చోటు చేసి, ఇంటికి ఫోన్ చేశారు. "అరల్లో కాగితాలు మార్చేశావా?"

"రిటైరయ్యే రోజు అడిగే మాటేనా ఇది? ఇంకా లేదండీ."

"డబ్బాలు దించు. మూడో పేజీ, నాలుగో పేజీ కావాలి. నా కొంప మునిగేలా ఉంది."

డబ్బాల చప్పుడు, తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. బ్రాకెట్లు, సెమికోలన్ల లాంటి గుర్తుల పేర్లు తెలియవు కాబట్టి తనే పెట్టుకుంది. "మీసం తెరిచింది. పన్నెండో వార్డు, బండి నాలుగు, చుక్క కింద తోక. మీసం మూసింది." ఆయన వేళ్లు పరుగెత్తాయి. ఆ కంగారులోనూ నవ్వొస్తోంది. ఇన్నేళ్లలో తన పని ఇంటావిడ నోటి వెంట వినడం ఇదే మొదటిసారి.

పదకొండూ యాభై. ఫైలును పరీక్షించే కమాండు వేశారు. చివర ఏదో మూయలేదంది.

"అడుగున ఇంకేమైనా ఉందా?"

"నూనె డబ్బా మరక. ఇంకేం లేదు."

"కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడు."

కిటికీ రెక్క తెరిచిన చప్పుడు. "ఉందండీ. మరక అంచున ఒంటి మీసం. మూసేది."

మూశారు. తప్పు లేదంది మెషీను. కొత్త వీధి కూడా చేర్చి, మళ్లీ పరీక్షించారు. ఈసారి డిస్కు కూడా చూసుకున్నారు. పన్నెండింటికి ఎలక్ట్రీషియన్ ఆపాడు, ఏడు నిమిషాలకు వేశాడు. పన్నెండూ పదకొండుకు అద్దం గోడకు అవతలి కాల్స్ గదిలో ఫోన్ మోగింది. తెగిపోయిన సగంలోని వీధే. నాలుగో నంబరు బండి కదిలిందని కాల్స్ తీసుకునే ఆమె చెయ్యెత్తి చూపింది. గంతేయాలనిపించింది గాని మోకాళ్లు ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం కొత్తగా బ్యాకప్ తీసి, తెరిచి, చివరి గుర్తు దాకా చదివారు. ఐదింటికి తాళాలు ఆఫీసరమ్మ చేతిలో పెట్టారు.

"పొద్దున తప్పు నాదేనమ్మా. రిజిస్టర్లో రాశాను. అయిందంటే నమ్మకండి, రోజూ తెరిచి చూడండి."

భార్య గేటు దగ్గరికి వచ్చి ఉంది, చేతిలో మడతపెట్టిన కాగితం. "అరలో వేరేది వేశాను. ఇది మీ ఆఫీసుదేగా," అంది. ఆయన దాన్ని తీసుకుని, ఆఫీసరమ్మను తాళం అడిగి, లోపలికి వెళ్లొచ్చారు. ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు. టోపీ ఇంకా తలమీదే ఉందని సందు మలుపులో ఆవిడే తీసింది.

సర్వర్ బీరువా తలుపు లోపలివైపు టేపుతో అంటించిన నాలుగో పేజీ, దాని అడుగున గుండ్రటి నూనె మరక, మరక అంచున ఎర్ర పెన్సిలుతో దిద్దిన మూసే మీసం.