కుప్ప మీద పెసరచేను

పొక్లెయిన్ చెయ్యి మడత దగ్గర గ్రీజు గన్ను ఆనించి నొక్కుతూ ఆయన ఆకాశం వైపు చూశాడు. పడమర మబ్బు ముదురుతోంది. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, వెనకాలే కొత్తది తేనెరంగులో తొంగిచూసేదాకా నొక్కి, వేలితో తుడిచి, ఆ వేలిని చొక్కాకే రాసుకున్నాడు. అక్క ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు. ఆయన చొక్కాలన్నిటికీ జేబు కింద ఒకే చోట మరక.

గనిలో అందరూ ఆయన్ను ఎలక అంటారు. ఎప్పుడూ నేల తవ్వుతాడని ఆ పేరు పెట్టింది అక్క మొగుడే. ఇనుపరాయి కోసం బావ పొలాన్ని కంపెనీ కౌలుకు తీసుకున్నప్పుడు, దాన్ని తవ్వే పని సరిగ్గా బావమరిదికే పడింది. రాయి అయిపోయాక గొయ్యి పూడ్చి, ముందుగా తీసిపెట్టిన పైమట్టిని మళ్లీ పైన పరిచి ఇవ్వాలని ఒప్పందం. ఎత్తుగా పోస్తే అడుగున మట్టి ఊపిరాడక చచ్చిపోతుందని, ఆయన ఆ మట్టిని నడుం ఎత్తు దాటకుండా గట్టు వెంట పొడుగ్గా కుప్ప పోశాడు. పొలం పోయిన రైతు చేతులు ఊరుకుంటాయా? బావ ఆ కుప్ప మీదే పెసలు చల్లాడు. అప్పట్నుంచీ ఏటా కుప్ప మీదే సేద్యం. చూసినవాళ్లు నవ్వేవారు. బావ మీసం దువ్వుకునేవాడు.

ఎలకకు పెళ్లి ఎందుకో కుదరలేదు, ఆయనా పెద్దగా పట్టించుకోలేదు. అక్క ఇంటి వసారా గదిలో ఒక మంచం, ఒక రేడియో, రాత్రి అన్నం దగ్గర బావతో తగువు. అంతకు మించి ఏం కావాలో ఆయనకెప్పుడూ తోచలేదు.

"ఒక్కసారి తవ్వితే అయిపోయేది కూడా సంపదేనట్రా? దేశాన్ని బతికించేది పొలం," అనేవాడు బావ.

"నీ నాగలి కర్రు చెట్టుకు కాసిందా బావా? రైలు పట్టాలు విత్తనం వేస్తే మొలిచాయా?"

"దేశాన్ని తర్వాత ఏలుదురు గాని, ముందు పప్పు చల్లారిపోతోంది," అనేది అక్క.

గొయ్యి పూడ్చడం నిన్నటితో అయింది. రేపు పొద్దున్నే ట్రైలరు వచ్చి మిషన్ను వేరే గనికి తీసుకుపోతుంది. మళ్లీ ఎప్పుడు పంపుతారో చెప్పే నాథుడు లేడు. పైగా వాన పడితే మట్టి బురదై బకెట్టుకు అంటుకుంటుంది. పరిస్తే ఇవాళే పరవాలి. తీరా మిషను కుప్ప దగ్గరికి చేరేసరికి, బావ పెసరచేలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చేను పూతా పిందె మీదుంది.

"ఇంకో పక్షం ఆగరా. పంట చేతికొస్తుంది."

"అప్పటికి మిషను ఉండదు బావా."

"పూత మీదున్న చేను తొక్కడానికి నీకు చేతులెలా వస్తాయిరా?"

ఎలక ఇంజను ఆపి కిందికి దిగాడు. దిగేసరికే ఆయాసం వచ్చి మిషనుకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ పొలాన్ని విప్పింది తన చేతులే. మళ్లీ తన చేతులతోనే అప్పగించాలని ఆయన కోరిక. మరో ఆపరేటరు వచ్చి పైమట్టీ అడుగుమట్టీ కలిపేస్తాడేమోనన్న దిగులు ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

"ఇన్నాళ్లూ నువ్వన్నదే నిజం బావా. రాయి అయిపోయింది, మట్టి మిగిలింది. దాన్ని ఇల్లు చేర్చనియ్."

బావ అనుమానంగా చూశాడు. "ఇంత తేలిగ్గా ఒప్పుకున్నావేంట్రా? ఒంట్లో బాగుందా?"

క్యారియరు పట్టుకొచ్చిన అక్క అప్పటికే కొంగు దోపుకుని ముదిరిన కాయలు కోస్తోంది. "మిగతాది మట్టిలో కలిస్తే ఎరువేగా. మబ్బు చూడండి, మాటలు తర్వాత," అంది. బావ గొణుక్కుంటూ ఆమె పక్కన కూర్చుని కోశాడు. కోయడానికి ఇంకేమీ దొరకనప్పుడు లేచి, గట్టెక్కి, వీపు తిప్పి నిలబడ్డాడు.

ఎలక పొలం చివర నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ పరిచాడు. పరిచిన మట్టి మీద మిషను బరువు పడితే అది మళ్లీ రాయే. మధ్యాహ్నం దాటేసరికి బావ ఉండబట్టలేక చెప్పులు విడిచి ఆ మట్టిలోకి నడిచాడు.

"ఒరేయ్ ఎలకా! కాలు చీలమండ దాకా దిగిపోతోందిరా!"

క్యాబిన్‌లోంచి ఎలక నవ్వి చెయ్యెత్తాడు. ఆయన బతుకులో అంత సంతోషం కలిగిన రోజులు తక్కువ. అటు బావకూ ఒక మాట తోచింది: ఆ ఇనుప చెయ్యి లేకపోతే ఈ మట్టి ఇల్లు చేరేది కాదు. ఇప్పుడే అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు, రాత్రి అన్నం దగ్గర ఒప్పుకుందాంలే అనుకున్నాడు.

ఇంకొక్క బకెట్టు మిగిలింది. అది పైకి లేచి అక్కడే ఆగిపోయింది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది.

"ఆపరా ఇంజను! డీజిలేమన్నా మీ బావ సొమ్మా?" అని కింద నుంచి అరిచాడు బావ.

ఇంజను ఆగలేదు. బావ క్యాబిన్ ఎక్కి చూశాడు. ఎలక సీటుకు తల ఆనించి, రెప్ప వాల్చకుండా పొలం వైపు చూస్తున్నాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. బావ తాళం తిప్పి ఇంజను ఆపాడు. మెట్టు మీదే కూర్చుని, గ్రీజు అంటిన ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, చెప్పకుండా దాచుకున్న మాట చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం వాన పడింది. పొలమంతా తాగింది. గట్టు పక్కన మంచం పట్టేంత మేర మాత్రం ఎర్రటి అడుగుమట్టి అలాగే బయటపడి ఉంది. దానికి ఎగువన, దించేవాళ్లు లేని బకెట్టు నిండా నల్లమట్టితో తడుస్తూ ఉంది.