రెండు వేల తీసివేత

మా ఆయన తోమాసు జ్వరమని మంచం ఎక్కినవాడు కాడు. అందుకే పదకొండేళ్లుగా అతని నెత్తురే నాకు కొలమానం. కరీంనగర్ బస్టాండు వెనక జలపతిరావు సారు దవాఖానలో రక్తపరీక్షలు చేసేది నేనొక్కదాన్నే. సోమవారం పొద్దున ముందు తోమాసు వేలు పొడిచి చూసుకుంటాను. అది సరిగ్గా వస్తేనే మిగతావాళ్లది.

మొదటి సోమవారాల్లోనే చిక్కొచ్చింది. తెల్లకణాలు పదకొండు వేలు దాటొద్దని పుస్తకంలో ఉంది. తోమాసుకు ప్రతిసారీ పదమూడు వేలు. మనిషేమో గుండ్రాయిలా ఉన్నాడు. తప్పు నెత్తురు కొలిచే నా గాజుగొట్టానిదే అనుకుని, ఆనాటి నుంచి ఎవరి లెక్క వచ్చినా రెండు వేలు తీసేసి రాస్తున్నాను. అదొక తెలివి అనుకున్నాను కూడా.

మొన్న సారు ఒక రోగి నెత్తురు హైదరాబాదు ల్యాబుకు కూడా పంపి, రెండు కాగితాలూ నా ముందు పెట్టాడు.

“ప్రేమమ్మా, నీ లెక్క రెండు వేలు తక్కువున్నది. ఎందుకట్ల?”

ఉన్నదంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. “నీ నెత్తురు ఎన్నడన్న చూసుకున్నవా?” అన్నాడు.

ఊరందరి వేళ్లూ పొడిచాను గానీ నా వేలు పొడుచుకోలేదు. చూస్తే ఏడు వేలు, ఏమీ తీసేయకుండానే. హైదరాబాదు కాగితంతో కలిపి చూస్తే గొట్టం మంచిదే. ఎంతమంది జబ్బును నా చేత్తో చెరిపేశానో.

తోమాసుది మళ్లీ చూశాను. పద్నాలుగు వేలు. అందులో ఇంకా ముదరని కణాలు మామూలుకన్నా ఎక్కువ.

అతను బస్సుల షెడ్డులో మెకానిక్కు. తెల్లారగట్ల నలభై బండ్లు స్టార్టు చేసి, చలికి తలుపులు మూసి వేడెక్కనిస్తారు. అతను బండ్ల కింద, రిపేరు చేసే గుంతలో ఉంటాడు. మసి పట్టిన అతని రుమాళ్లు ఇన్నేళ్లూ ఉతికింది నేనే.

“పొగల మసి ఊపిరితిత్తులల్ల దిగింది. దానితోని కొట్లాడతందుకు కణాలు ముదరకముందే బయటికొస్తున్నయి. గిట్లనే ఉంటె గుండె మీదికొస్తది. తోమాసును గుంతలకెల్లి తీయాలె,” అన్నాడు సారు.

వారంలో షెడ్డువాళ్ల ఏటేటి పరీక్ష. కాగితం రాసేది నేనే. తోమాసు నా ఎదురుగా కూర్చున్నాడు.

“ఎప్పటి లెక్కనే రాయి, ప్రేమమ్మా. ఉన్నది రాస్తె గేటు కాడ కావలికి కూసోబెడతరు. ఇంజను ముట్టకుంట నేనేం జెయ్యాలె?”

“నువ్వు గేటు కాడ కూసుంటెనే నాకు మంచిగుంటది,” అన్నాను. అరిచే ఓపిక లేదు. ఏడ్చే ఓపిక అసలే లేదు.

పద్నాలుగు వేలు అని రాశాను. పదకొండేళ్లలో మొదటిసారి ఏమీ తీసేయలేదు.

తోమాసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు దాకా పోయి ఆగాడు.

“సోమవారం మరి ఎవరి వేలు పొడుస్తవు?”

“నాదే,” అన్నాను.