అక్క గుప్పిట్లో తాళంచెవి

ఇల్లు చూపించే ముందు తాళంచెవి కొనేవాళ్ళ చేతిలో పెట్టడం చెల్లెలి పద్ధతి. ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళ చేతిలో అది వెచ్చబడుతుంది. మిగతావాళ్ళ చేతిలో ఇనుము ఇనుములాగే ఉంటుంది. అందరికీ తెలిసిందే గనక, వేడెక్కకపోతే చెప్పులేసుకుని పక్క వీధిలో ఇల్లు చూడ్డానికి వెళ్ళిపోయేవాళ్ళు.

పద్నాలుగేళ్ళుగా ఇళ్ళమ్ముతోంది. కానీ ఆమె లైసెన్సు ఊరి చివరి వంతెన దాకానే. అవతల వేరే రాష్ట్రం. అక్కడ అక్క, ఎప్పట్నుంచో అద్దింట్లో. "నీకు ఇల్లు నేనే ఇప్పిస్తా, ఇంకెవరి దగ్గరా కొనకు" అంది చెల్లెలు. అక్క ఆగింది.

అవతల చట్టాలు వేరు, పరీక్షా వేరే. చెల్లెలు వేలిముద్రలు కూడా మళ్ళీ ఇచ్చింది. మొదటిసారి రెండు మార్కుల్లో పోయింది. అప్పటికి అక్కకు ఉత్త దగ్గే. రెండోసారీ తప్పేనాటికి డాక్టరు అక్క కూతుర్ని పక్కకి పిలిచి మాట్లాడాడు. మూడోసారి గట్టెక్కింది.

లైసెన్సు వచ్చిన మర్నాడే అక్కనీ, కొత్తగా ఉద్యోగంలో చేరిన అక్క కూతుర్నీ మెట్లు లేని ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళింకా కారు దిగుతుండగానే, ఎందుకైనా మంచిదని, ఫ్లాస్కులో టీ కప్పులో పోసి తాళంచెవి ముంచింది. తుడిచి, అక్క చేతిలో పెట్టింది.

"చూశావా, కాలిపోతోంది!"

అక్క ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేం ఇల్లే, టీ వాసనొస్తోంది?"

అక్క గుప్పిట్లో తాళంచెవి మెల్లగా చల్లారిపోయింది.

"అబద్ధమాడ్డం చేతకాదు నీకు. పరీక్షెలా పాసయ్యావో!"

"ఇంకోటి చూద్దాం అక్కా."

"ఎన్నని ముంచుతావు? టీ అయిపోతుంది."

"మొదటిసారే పాసై ఉంటే నీ చేతిలో వేడెక్కేదేమో..."

"ఎక్కితే మాత్రం, ఇంతిల్లు ఎవరే ఊడ్చేది?" అని అక్క కూతురి వైపు తిరిగింది. పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది.

"నాకొద్దమ్మా."

అక్క పిల్ల కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి తాళంచెవి పెట్టింది. పిల్ల ఉలిక్కిపడింది. అరచెయ్యి ఎర్రబడింది. ఆ గుప్పిటని అక్క రెండు చేతులతో మూసింది.

"అబ్బ, ఎంత వెచ్చగా ఉందే! రాసుకోవే, కొనేది ఈ పిల్లేనని."

కొత్త లైసెన్సు మీద మొదటి ఒప్పందం. చెల్లెలు గడప మీద కూర్చుని కాగితం నింపింది. ఇక పిల్ల సంతకమే మిగిలింది. దానికి కుడిచెయ్యి కావాలి.

అక్క ఆ చెయ్యి వదల్లేదు. చెల్లెలు మూత తీసిన పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది.