బావి దగ్గరి అంటు

పొద్దున పది కాగానే కోత ఆపి, బుట్టలు బోర్లించి, వాటి మీద కూర్చుని రొట్టె తినడం మా నారింజ తోటల్లో అందరికీ అలవాటే. ఆ నవంబరులో ఒకనాడు బాతిస్త్ ముసలాయన రొట్టె ముగించి, తన తోట క్లెమెంటైన్ కమల ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. వెంటనే అరచేతిలోకి ఉమ్మాడు. నాలుగు గింజలు.

క్లెమెంటైన్‌లో గింజ ఉండకూడదు. ఉంటే సహకార సంఘం ఆ సరుకును రసం తీసే మిల్లుకు కారుచౌకగా తోలేస్తుంది.

"ఇది ఎర్మీనియా తేనెటీగల పనే," అన్నాడు.

"ముప్పై ఏళ్ళు తేని గింజ ఇప్పుడే తెచ్చాయా?" అంది అతని భార్య రెమేయి.

"నిరుడు కూడా ఒకటీ అరా తగిలాయి. నువ్వు ఊరుకో."

ఎర్మీనియాది పైన కొండ ఊరు. పూతల కాలంలో తేనెపెట్టెలు దించుకొచ్చి, బాతిస్త్ తోట పడమటి గోడ వారన పెట్టుకునేది. పూత రాలగానే వెళ్ళిపోయేది. ఆమె తండ్రి నాటి నుంచీ ఆ చోటుకు అద్దె ఒక సీసా తేనె. ఇప్పుడు ఊళ్ళో ఏ తోటలో గింజ కనపడినా అందరి వేలూ కొండవైపే లేస్తోంది. తేనెపెట్టెలను ఊరి పొలిమేర దాటనివ్వకూడదని ఆదివారం సంఘంలో తీర్మానం. అది నెగ్గితే ఆమెకు ఏడాది బతుకు పోయినట్టే.

గురువారం ఆమె ఆ ఏటి అద్దె సీసాతో కొండ దిగి వచ్చింది.

"తీసుకుపో. నీ ఈగలు నా తోట తగలేశాయి," అన్నాడు బాతిస్త్ తల ఎత్తకుండా.

"బాబాయ్, ఈగ మోసేది పుప్పొడి. అది ఎవరిదో చూడవా? నీ క్లెమెంటైన్లన్నీ ఒకే తల్లి కొమ్మ అంటులు. ఒకే ఇంటివాళ్ళు, వాళ్ళలో వాళ్ళకి పెళ్ళి కుదరదు. పుప్పొడి పట్టకపోయినా కాయ నిలుస్తుంది, గింజ మాత్రం రాదు. వచ్చిందంటే పరాయి పెళ్ళికొడుకు ఎవడో తోటలో ఉన్నట్టే."

"ఆ సంబంధం కుదిర్చింది నీ ఈగలేగా!"

రెమేయి కత్తి తీసుకుని పడమటి గోడ దగ్గరికి నడిచింది. మిగతా ఇద్దరూ వెంట వెళ్ళారు. పెట్టెలు ఉండే చోట పది కాయలు కోసింది. ఒక్క గింజ లేదు. ఇంటివైపు వస్తూ కోసింది. ఒకటి, రెండు. బావి దగ్గరికి వచ్చేసరికి కాయ కాయకీ గింజలే.

బావి దగ్గరి క్లెమెంటైన్ చెట్టుకు రెండు కొమ్మలు వేరే జాతివి. ఆరేళ్ళ కిందట రెమేయి జబ్బుపడి లేచాక, నోటికి ఏదీ రుచించక, పుట్టింటి పెరట్లోని పుల్ల కమల అడిగింది. బాతిస్త్ తడిగుడ్డలో మొగ్గలు చుట్టి తెచ్చి, ఆమెకు చెప్పకుండా ఇక్కడ అంటు కట్టాడు. అవి పూతకు వచ్చి రెండేళ్ళే అయింది.

"నా కోసం కట్టిందే కదయ్యా," అంది రెమేయి మెల్లగా.

"రంపం తెస్తా," అన్నాడు గానీ కదల్లేదు.

"కొట్టడం ఎందుకు బాబాయ్?" అంది ఎర్మీనియా. "పూత విచ్చే ముందు ఆ కొమ్మలకి వల తొడుగు. ఈగ దూరదు. అదీ పుప్పొడి పట్టకుండానే కాసే జాతే. వల నేనే కుట్టి తెస్తా."

"అయితే నాకూ గింజల బాధ తప్పుతుంది," అంది రెమేయి. అప్పుడు బాతిస్త్ చెయ్యి చాచి సీసా అందుకున్నాడు.

ఆదివారం, నలభై ఏళ్ళుగా సంఘంలో నోరు విప్పని బాతిస్త్ లేచి, గోడ దగ్గరి కాయలూ బావి దగ్గరి కాయలూ కోసి బల్ల మీద పోశాడు.

"గింజలకి కారణం నేను. మా ఆవిడ కోసం కట్టిన అంటు."

"ముసలితనంలో ఈ ముచ్చట్లేంటి బాతిస్త్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"నేను ప్రేమకు కట్టాను. మీరు ధర వస్తుందని కొత్త జాతులు తెచ్చి గట్టు పక్కనే నాటారు. ఎవరు ఏం నాటారో మనకి మనం చెప్పుకోలేదు. ఈగకి నోరు లేదు, ఆ పిల్లది ఈ ఊరు కాదు. అందుకని నేరం అటు తోశాం. ఇళ్ళకి పోయి ముందు మీ గట్లు చూసుకోండి."

తీర్మానానికి చేతులు లేచాయి. కానీ చాలలేదు.

ఏటా వచ్చి పోయేవాళ్ళ మీద నింద వేయడం ఎవరికైనా తేలికే. వేలెత్తే ముందు, మన చేత్తో మనమే కట్టిన అంటు ఎక్కడుందో వెతుక్కోవాలి.