ఉప్పు సీసాలో ఇలకూర పురుగు

నా పేరు కరుణ. పేరులో ఉన్నది మనిషిలో లేదని మా అమ్మ నాంచారమ్మ ఊరంతా చెబుతుంది. నిజమే కావచ్చు. బాపట్లలో శ్యాంప్రసాద్ గారు మా అమ్మ ఇచ్చిన సీసా చూసి నవ్విన రోజున నాలో కరుణ చీమంత కూడా మిగల్లేదు.

నేను తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. అమ్మ రేపల్లె అవతల, సముద్రం పక్కన మా పల్లెలోనే ఉంటుంది. నాన్న వేటకెళ్లి తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని రేపల్లె బజారులో అమ్ముతుంది. రొయ్యల్లో వేసి వండడానికి ఉప్పునేలల్లో ఇలకూర కోసుకొస్తుంది. కోసే ముందు మొక్క కింద చేట పెట్టి, కొమ్మను మూడుసార్లు తడుతుంది. ఇసుకా పురుగులూ చేటలో రాలిపోతాయి. మా పల్లె ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. ఆ రాలేవాటిలో నువ్వుగింజంత కూడా లేని ఆకుపచ్చ పురుగొకటి ఉంటుంది. ఆకు రసం పీల్చి బతుకుతుంది. ఇలాంటి వాటిని పుస్తకాల్లో మొక్కల నల్లులు అంటారు.

చిన్నప్పటి నుంచీ చూస్తున్న పురుగే. దానికి పుస్తకాల్లో పేరుందా అన్న అనుమానం చదువుకున్నాక గాని రాలేదు. నాలుగేళ్లు వెతికాను. సెలవులకు వెళ్లినప్పుడల్లా నాలుగు పట్టుకొచ్చి భూతద్దంతో పైపైన చూసి పారేశాను. ఇలకూర మీద బతికే నల్లి గురించి ఎక్కడా ఒక్క ముక్క కూడా లేదు. కొత్త జాతే అయితే దాన్ని వర్ణించి, పేరు పెట్టి, అచ్చు వేయించాలి. ముందు శ్యాంప్రసాద్ గారు అవుననాలి. ఉద్యోగం నుంచి రిటైరై బాపట్లలో ఉంటున్నారు. ఈ నల్లుల మీద ఆయన రాసిన పుస్తకమే అందరికీ ఆధారం. ఆయన కాదంటే సైన్సు పత్రికల వాళ్లు మన వ్యాసం వైపు కూడా చూడరు.

ఆయన సోమవారం రమ్మన్నారు. పరీక్షల డ్యూటీలో ఇరుక్కుపోయి అమ్మకి ఫోన్ చేశాను. "చేటలో రాలిన పురుగుల్ని పాడవకుండా దాచిపెట్టమ్మా, ఆదివారం వచ్చి తీసుకెళ్తా" అన్నాను. స్పిరిట్‌లో వెయ్యాలని చెప్పలేదు. అది నా బుద్ధితక్కువ. పాడవకుండా దాచడమంటే మా అమ్మకి తెలిసింది ఒకటే. నెత్తళ్ల చేపలకి పట్టించినట్టే ఉప్పు పట్టించి, రెండు రోజులు ఎండబెట్టి, సీసాలో పోసి మూత పెట్టింది.

ఆదివారం ఆ సీసా చూసి తల పట్టుకున్నాను. ఆకుపచ్చ పురుగులు పసుపుపచ్చగా మారి, ఉప్పులో ముడుచుకుపోయి ఉన్నాయి. అయినా పెద్దాయన ఇచ్చిన టైము పోగొట్టుకోలేక వాటినే తీసుకెళ్లాను.

శ్యాంప్రసాద్ గారు మూత తీసి ముక్కు మూసుకున్నారు. "ఏంటమ్మా ఇది, పచ్చడా?" అని పకపకా నవ్వారు. ఒకదాన్ని తీసి భూతద్దం కింద అర నిమిషం చూశారు. "ఇది మినుము చేలల్లో ఉండే పసుపు నల్లి. నా పుస్తకంలో ఉంది. కోతలయ్యాక చేలల్లోంచి ఎగిరొచ్చి మీ ఉప్పుమొక్కల మీద వాలింది. అంతే."

"ఆకుపచ్చగా ఉంటుందండి, ఉప్పుకి రంగు పోయింది. మా అమ్మ ఏడాది పొడుగునా చూస్తుంది సార్."

"మీ అమ్మగారికి చేపలు తెలుస్తాయమ్మా. పురుగుల్ని మనకొదిలెయ్యమను."

సీసా లాక్కుని లేచాను. నమస్కారం కూడా పెట్టలేదు. నన్ను ఎన్ని అన్నా పడేదాన్ని. తెనాలి వచ్చి, అక్కడి నుంచి రేపల్లె రైలెక్కి, సాయంత్రానికి పల్లెలో దిగేదాకా నా ఒళ్లు మండుతూనే ఉంది.

అమ్మ వలలోంచి చేపలు విడదీస్తూ అంతా వింది. ఉప్పు పెట్టినందుకు కాస్తయినా నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. అబ్బే.

"ఎగిరొచ్చినాయన్నాడా? మరి పిల్లలో? రెక్కల్లేని పిల్లలు అంత దూరం నుంచి ఎట్టా ఎగిరొచ్చినాయంట?"

"పిల్లలేంటే?"

"సీసాలో చూసుకో. నీలాగా నేను పెద్దవి ఏరానా ఏంటి? చేటలో రాలింది రాలినట్టే ఉప్పులో పోశా."

నాకు సిగ్గేసింది. నాలుగేళ్లూ నేను నదురుగా ఉన్న రెక్కల పురుగుల్నే ఏరుకున్నాను. చెత్త అనుకుని పిల్లల్ని దులిపేసింది నేనే.

మర్నాడు కాలేజీ ల్యాబులో, ఎండు చేపల్ని వండే ముందు నానబెట్టినట్టే వాటిని నీళ్లలో నానబెట్టాను. మైక్రోస్కోప్ కింద పెడితే అన్ని ఈడుల పిల్లలూ ఉన్నాయి. అప్పుడే గుడ్డులోంచి వచ్చినవి, రెక్కలు మొలిచీ మొలవనివి. పుట్టింది ఇలకూర మీదే. ఇక మిగిలింది మగవాటి తోక చివర ఉండే కొక్కెం. జాతి జాతికీ దాని ఆకారం మారుతుంది. శ్యాంప్రసాద్ గారి పుస్తకంలో మినుము నల్లి బొమ్మ తీశాను. ఆ కొక్కెం సూటిగా ఉంది. మా సీసాలోవి పంతొమ్మిది మగ పురుగులూ చూశాను. అన్నిటికీ గాలంలా వంపు తిరిగే ఉంది. ల్యాబులో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. అటెండర్ రంగమ్మ పరిగెత్తుకొచ్చింది.

రెండు వారాల తరవాత పిలవకుండానే బాపట్ల వెళ్లాను. ఈసారి స్పిరిట్‌లో వేసిన తాజా పురుగులు, ఉప్పు పురుగులు, ఆయన పుస్తకం, మూడూ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు మైక్రోస్కోపూ బొమ్మా మార్చి మార్చి చూశారు. మనిషి చెడ్డవాడు కాదు, కళ్లెదుట ఉన్నదాన్ని కాదనలేదు.

"కొత్తదే" అన్నారు చివరికి. "అచ్చుకి పంపు, నేనూ ఒక మాట రాస్తాను. పేరు మోసే నమూనాగా ఈ తాజా వాటిలో మంచి మగదాన్ని పెట్టు. ఆ ఉప్పువి పారెయ్యమ్మా, చూస్తే నవ్వుతారు."

కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక్క పురుగును ఎంచి, చిన్న అట్టముక్కకి అంటించి, సూదికి గుచ్చి, మ్యూజియంలో శాశ్వతంగా ఉంచుతారు. ఆ పేరు మీద ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూడాలి. నేను తాజా వాటి గిన్నె పక్కకి జరిపి, ఉప్పులోంచి తీసిన పసుపు మగ పురుగును సూదికెక్కించాను.

"అదెందుకమ్మా? మొండితనం కాకపోతే."

"మొండితనమేనండి. మీరు నవ్వింది దీన్ని చూసేగా."

ఆయన బల్ల మీదే, ఆయన పెన్నుతోనే లేబుల్ రాశాను. దొరికిన చోటు: రేపల్లె దగ్గరి ఉప్పునేలలు. మొక్క: ఇలకూర. పట్టిన సాధనం: చేట. నిల్వ: ఉప్పు. సేకరించినవారు: నాంచారమ్మ.